రెండో ప్రతివాది నడిచిన హద్దు

కప్పగల్లు,
12 మార్చి 2006

చక్రధరప్పకు హొన్నూరమ్మ నమస్కారాలు.

ఫోన్ చేస్తే "ఫోన్లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు, కాగితమ్మీద రాయి" అని పెట్టేసినావు. సరే, రాస్తున్నాను. అక్షర ఉద్యమమని నువ్వు ఊరూరా తిరిగిన కాలంలో ఊరవతల మా కేరిలో పలక పట్టించి నేర్పించిన రాతే ఇది. వంకరగా ఉంటే తప్పు నీదే.

రోడ్డు పక్కనుండే మీ చేను మీ అన్న రామసుబ్బప్ప మైన్స్ వాళ్లకు గుత్తకిచ్చినాడు. సండూరు కొండల నుంచి లారీలొచ్చి ఇనుప మన్ను పోసి పోతాయి, వేరే లారీలొచ్చి దాన్నే రేవుకు ఎత్తుకుపోతాయి. మీ చేను పక్కనే, రోడ్డుకు కాస్త లోపలికి కదా మా రెండెకరాలు. మధ్యలో ఉన్న గట్టు, గట్టు పక్కన బండిదారి, మూడు హద్దురాళ్లు, అన్నిటినీ జేసీబీ పెట్టి ఒక్క పొద్దులో చదును చేసినారు. కుప్ప మా చేన్లోకి జారతా ఉంది. బండి పోయేదానికి దారి లేదు. మనిషి పోవాలన్నా లారీల సందులో దూరి పోవాలి. పెరుగు తోడేస్తే పొద్దునకు ఎర్రటి మీగడ కడుతోంది.

మీ అన్న దగ్గరికి పోయినాను. మర్యాదగానే మాట్లాడినాడు.

"హొన్నూరమ్మా, దీనికి కోర్టూ గీర్టూ ఏంటికి? కెంచప్ప తాతను పిలిపిస్తా. నలుగురు పెద్దోళ్లు రచ్చకట్టమీద కూచుంటారు. వాళ్లు యాడ రాయి నాటమంటే ఆడ నాటిస్తా. ఆయ్తా, సరేనా?"

"పీకేటప్పుడు ఎవర్ని కూచోబెట్టినావప్పా?" అన్నాను. నవ్వినాడు. మీ అన్న నవ్వితే ఏం జవాబు చెప్పాలో ఎవరికీ తెలియదు.

మా ఇంటాయన తిప్పేస్వామి బండ్రి దిక్కు మైన్స్‌లోనే లోడింగు పనికి పోతాడు, వారానికోసారి వస్తాడు. "మనకు కూడు పెట్టేదీ ఆ మన్నే, గమ్మునుండు" అంటాడు. మా అమ్మ హులిగెమ్మ రోజూ పోయి కుప్ప అంచున కూర్చొని, కుప్పకేసి చూసి వస్తుంది. లారీ వాళ్లు హారన్ కొట్టినా లేవదు.

ఆగస్టుకు కాలువలో నీళ్లొస్తాయి. అప్పటికి దారి దొరికితే మిరప నాటుతాను. లేకుంటే ఈ ఏడు చేను బీడే. కట్టమీదికి పోవాలా, కోర్టుకు పోవాలా? ఏదో ఒకటి చెప్పు. రెండూ చెప్పద్దు.

హొన్నూరమ్మ


అనంతపురం,
19 మార్చి 2006

హొన్నూరమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ మా అన్న మీదే కోపం వచ్చింది. నాలుగోసారి చదివితే నీ మీద వచ్చేలా ఉందని మడిచిపెట్టాను. కట్టమీదికి పోవాలా అని అడుగుతున్నావా? నువ్వా?

ఆ కట్టమీద మీ నాయన హనుమప్ప ఎన్నడైనా కూర్చోవడం చూశావా? నేను చూడలేదు. నిలబడటం చూశాను, చెప్పులు చేతబట్టుకుని. తీర్పు చెప్పేవాళ్లు మా తాత, మా తాత తమ్ముడు, మా తాత బావమరిది. "పెద్దమనుషులు" అంటే మా ఇంటి భోజనాల పంక్తి అన్నమాట! దాన్నే ఇప్పుడు సంప్రదాయమనీ, ఖర్చులేని న్యాయమనీ పట్నంలో మేధావులు వ్యాసాలు రాస్తున్నారు. వాళ్ల చేను గట్టు ఎవడూ దున్నలేదు, అందుకు.

రాజీ అంటే ఏమిటి? ఇద్దరూ తలా సగం వదులుకోవడమట. దొంగ తాను ఎత్తుకెళ్లిన దాంట్లో సగం వదులుకుంటాడు, సొంతదారు తన సొంత సొమ్ములో సగం వదులుకుంటాడు. తర్వాత ఇద్దరూ కలిసి కాఫీ తాగుతారు. నాకు ఆ కాఫీ వద్దు, నీకూ వద్దు.

కోర్టంటే ఏళ్లు పడుతుందంటావు. పట్టనీ. అక్కడ జడ్జి నీకు బంధువు కాడు, మా అన్నకూ కాడు. అక్కడ నీ పేరు "వాది". కట్టమీద నీ పేరు "ఏయ్". ఈ తేడా కోసం పదేళ్లు ఆగినా నష్టం లేదు. బళ్లారి కోర్టు ఆవరణలోనే ఉచిత న్యాయ సేవల ఆఫీసు ఉంటుంది. ఆడవాళ్లకు వకీలును ఊరికే ఇస్తారు. అది దయ కాదు, చట్టం. తల వంచుకుని అడగొద్దు.

ఇక హద్దు సంగతి. రాళ్లు పీకేస్తే హద్దు పోతుందా? ఆ హద్దు నాకు అరచేతి గీతలా తెలుసు. రోడ్డు దగ్గర మొదటి రాయి, రేగు పొద పక్కన నడిమి రాయి, కాలువ గట్టున మూడోది. పదేళ్ల వయసులో మా తాత వెనకే ఆ గట్టు మీద నడిచాను. నడిమి రాయికే బర్రెను కట్టేసేవాణ్ణి. ఈ ముక్క ఎవరికి కావాలంటే వాళ్లకు చూపించు. ఎక్కడైనా, ఎవరి ముందైనా నిలబడి చెబుతాను.

నీ పక్షాన,
చక్రధర్


కప్పగల్లు,
28 మే 2006

చక్రధరప్పకు,

నువ్వు చెప్పినట్లే చేసినాను. తల వంచుకోకుండా అడిగినాను. యశస్విని అని చిన్న వయసు వకీలమ్మను ఇచ్చినారు. మంచి పిల్ల. నేను చెప్పేది వింటా మధ్యలో ఫోన్ ఎత్తలేదు. దావా వేసింది. నీ ఉత్తరం చూపించినాను. "ఇది నా దగ్గరుండనీ అక్కా" అని తీసుకుంది.

కోర్టు సరే. సర్వే సంగతి విను.

సర్వేయర్ పటం పరిచినాడు. పటం మడత పడిన చోట చిరిగింది. చిరిగిన చోటే మన గట్టు. "కల్లు ఇల్లదె అళతె ఆగల్ల" అన్నాడు. రాయి లేకుంటే కొలత కాదంట. రాయి యాడుంది? ఒకటి రోడ్డులో పోయింది, ఒకటి కాలువలో పడింది, నడిమిది కుప్ప కింద. కుప్ప తీయించు సామీ అంటే, నాకు అధికారం లేదు, కోర్టు ఆర్డరు తెచ్చుకో అన్నాడు. ఆర్డరు కోసం మేడం అర్జీ పెడితే మీ అన్న వకీలు లేచి, కుప్ప మా హద్దులోనే ఉండాది, కాదంటే సర్వే రిపోర్టు చూపించండి అన్నాడు. రిపోర్టుకు రాయి కావాలి, రాయికి ఆర్డరు కావాలి, ఆర్డరుకు రిపోర్టు కావాలి. ఎద్దు గానుగ చుట్టూ తిరిగితే నూనె అన్నా వస్తుంది.

బయటికొచ్చినాక మేడంను అడిగినాను. "అమ్మా, ఇప్పుడు మనం గెలుస్తాండామా, ఓడిపోతాండామా?"

"అది తెలిసే దశ ఇంకా రాలేదక్కా" అంది.

ఇంకో సంగతి రాయాలి. రాయకుంటే తప్పు. మీ చేను పహణీ కాగితంలో రెండు పేర్లున్నాయి. రామసుబ్బప్ప పేరు, దాని కింద నీ పేరు. ఆయప్ప మా మనిషి, ఆయన్ను ఎట్ల లాగుతావని మేడంతో కొట్లాడినాను. పేరున్న వాళ్లందరినీ కలపకుంటే దావానే నిలబడదంట. అందుకని నువ్వు రెండో ప్రతివాదివి. నీకు కాగితం వస్తుంది. కోపం చేసుకోవద్దు. నిన్ను కోర్టుకు పొమ్మని నేను చెప్పలేదు, నువ్వే నన్ను పొమ్మన్నావు.

హొన్నూరమ్మ


అనంతపురం,
20 జూన్ 2006

హొన్నూరమ్మా,

సమన్లు వచ్చాయి. ఇంటికి కాదు, కాలేజీకి. స్టాఫ్ రూములో అందరి ముందూ సంతకం పెట్టించుకున్నారు. ఫిజిక్స్ చెప్పే ఆయన అడిగాడు, "ఏం సార్, మీ మీద మీరే దావా వేయించుకున్నారా?" అని. నవ్వించడానికి అన్నాడు. నాకు మాత్రం అది ప్రశ్నలాగే వినిపించింది.

ఒక్క విషయం స్పష్టంగా చెబుతున్నాను. ఆ భూమితో నాకు సంబంధం లేదు. చెమట పట్టనివాడికి వాటా ఎందుకని, పదేళ్ల కిందటే నా భాగం వదులుకున్నాను. ఆ సంగతి మా పత్రికలో అచ్చేశాను. మీ కేరిలో చదివి వినిపించింది నువ్వే. మర్చిపోయావా? అందరూ చప్పట్లు కొట్టారన్నావు.

ఇక్కడ తెలిసిన వకీలుకు ఈ మాటే చెప్పాను. "అచ్చేశావు సరే, రిజిస్టర్ చేశావా?" అన్నాడు. నలుగురి ముందు, నాలుగు వందల కాపీల్లో వదులుకున్న మనిషి మాటకు విలువ లేదట, ఒక గుమాస్తా ముందు వదులుకుంటేనే విలువట. ఇదెక్కడి చట్టం! ఈ చట్టాన్నే నమ్ముకొమ్మని నీకు రాసింది నేనే, అవును. కాదనను. చట్టాన్ని నమ్మడం వేరు, దాని మూర్ఖత్వాన్ని భరించడం వేరు. ఎక్కడ వేరో ఇంకోసారి ఆలోచించి రాస్తాను.

వాది చెప్పిందంతా నిజమని కోర్టులో ఒప్పుకుంటానన్నాను. అలా అయితే మా అన్న తన వకీలు చేత నాకు అడ్డప్రశ్నలు వేయిస్తాడట. అంటే నేను ప్రతివాదినై ఉండి, నీ పక్షాన మాట్లాడి, నా పక్షంవాడి చేత ప్రశ్నలు వేయించుకోవాలి. తల తిరిగింది. ప్రస్తుతానికి ఏమీ దాఖలు చేయను. మౌనం కూడా ఒక నిరసనే.

చక్రధర్


కప్పగల్లు,
24 జూలై 2006

గౌరవనీయులైన చక్రధర్ గారికి,

మీరు క్షేమమని తలుస్తాను.

మీ అన్నగారు కోర్టులో జవాబు వేసినారు. దానితో పాటు గుత్త కాగితం నకలు పెట్టినారు. చేను మైన్స్ వాళ్లకిచ్చిన కాగితం. అందులో రెండు సంతకాలున్నాయి. మొదటిది రామసుబ్బప్పది. రెండోది మీది. కన్నడ నాకు కూడబలుక్కుంటే గాని రాదు గాని, మీ సంతకం తెలుగులో ఉంది. మా కేరిలో పలకల మీద మీరు పెట్టి చూపించిన సంతకమే. పొల్లు దగ్గర తోక అట్లే ఉంది.

మేడం నన్ను చూసి, "అక్కా, ఈయనేనా నీ మనిషి?" అంది.

దానికి కారణం అడగడానికి రాయలేదు. వేరే పనుండి రాస్తున్నాను. జడ్జిగారు కేసును లోక్ అదాలత్‌కు పంపినారు. ఒక శనివారం పోయినాం. పెళ్లి పందిరి మాదిరి కుర్చీలు, మైకులో నంబర్లు పిలుస్తారు. మా ముందు ఇద్దరు అన్నదమ్ములు బావి నీళ్ల వంతు గురించి ఇరవై నిమిషాల్లో తెంపుకొని పోయినారు. పోయేటప్పుడు ఒకే బండెక్కినారు. మాది గంటైనా తెగలేదు. రాయి యాడ? అదే మాట. అప్పుడు మేడం సంచిలోనించి మీ ఉత్తరం తీసింది. "హద్దు అరచేతి గీతలా తెలుసని రెండో ప్రతివాదే రాసినాడు, ఎవరి ముందైనా చెబుతానన్నాడు" అని చదివింది. ఎవరికి కావాలంటే వాళ్లకు చూపించమని మీరే కదా రాసినారు.

మీ అన్న ఎగిరి పడతాడనుకున్నాను. నవ్వినాడు.

"నా తమ్ముడు చూపిస్తే నాకు ఒప్పుదలే సామీ. వాడు యాడ నిలబడితే ఆడ రాయి."

నాకూ ఒప్పుదలేనా అని అడిగినారు. ఆ కాగితంలో సంతకం చూసి నాలుగు రోజులు కాలేదు. అయినా ఒప్పుదలే అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఊర్లో కెంచప్ప తాత ఇది విని, "అయితే మన్ను మోయల్ల. సుమ్నె ఊరికే వేలు పెట్టి చూపిస్తే ఊరు ఒప్పదు" అన్నాడు. పాతకాలం పద్ధతి, మీకు తెలుసు. హద్దు చూపే మనిషి ఆ చేని మన్ను తడిగుడ్డలో కట్టి నెత్తిన పెట్టుకొని, వట్టికాళ్లతో, వెనక్కి తిరక్కుండా నడవాలి. నడిచిందే హద్దు. మేడంకు చెప్తే, "మీ ఊర్లో ఏం మోస్తారో మోయండి. నేను మాత్రం 'రెండో ప్రతివాది చూపిన ప్రకారం' అనే రాస్తా" అంది.

ఆగస్టు 19 శనివారం రాజీకి పెట్టినారు. మీ సంతకం లేకుండా అది కుదరదు. రాజీ మీకు పడదు. మన్ను మోయడమూ పడదు. వస్తారో రారో రాయండి.

ఇట్లు,
హొన్నూరమ్మ


అనంతపురం,
31 జూలై 2006

హొన్నూరమ్మా,

ముందుగా, నన్ను "మీరు" అనొద్దు. తిట్టాలంటే తిట్టు.

సంతకం నాదే. ఎలా జరిగిందో రాస్తాను, ఇది ఎవరికీ చూపించకు. పోయిన ఏడాది మా అన్న ఇక్కడికి వచ్చాడు. నేను ఆ నెల పత్రిక ప్రూఫులు దిద్దుతున్నాను. మైన్స్ లారీల మీద, ఆ దుమ్ములో దగ్గే ఊళ్ల మీద రాసిన సంచిక. "ఒరే, ఇంటి కాగితాలు, రెండు సంతకాలు కావాలి" అన్నాడు. కన్నడంలో ఉన్నాయి. అడగలేదు. ఆ ప్రూఫుల మీదే పెట్టుకుని సంతకం చేశాను. సిరా కింది కాగితానికి కూడా అంటింది. అంటే, మైన్స్‌ను తిడుతూ రాసిన వ్యాసం మీద మైన్స్‌కు చేనిచ్చిన సంతకం అచ్చుపడింది. ఇది కథలో ఎవడైనా రాస్తే అతి చేశాడని నేనే విమర్శించేవాణ్ణి.

వదులుకున్నానని అచ్చేసిన భూమికి సంతకం ఎందుకు పెట్టానని అడుగుతావు. నేనూ అదే అడుగుతున్నాను. ఒక్కటే జవాబు దొరుకుతోంది. నేను వదులుకున్నది చప్పట్ల కోసం. భూమి అలాగే ఉంది.

అయినా, ఇదంతా ఒప్పుకున్నాక కూడా, రాజీ తప్పే అంటాను. నా తప్పు వల్ల రాజీ ఒప్పు అయిపోదు. మా అన్న ఎందుకు నవ్వాడో ఆలోచించావా? తమ్ముడు ఇంటి మనిషి, ఇంటికే నడుస్తాడని. ఆ నవ్వుకు నువ్వు ఒప్పుదలంటావా? కుప్ప తీయించి రాయి వెతకడానికి కోర్టు కమిషనర్‌ను వేయమని మళ్లీ అర్జీ పెట్టించు. సమయం పడుతుంది, నిజమే. కానీ రేపు నీలాంటి పదిమందికి ఆ తీర్పు దారి అవుతుంది.

ఇక మన్ను మోయడమా? పాతికేళ్లుగా నిప్పుల గుండం దగ్గరా, పూనకం దగ్గరా నిలబడి ఇదంతా బూటకమని అరిచిన గొంతు నాది. ఇప్పుడు ఈ తల మీద మట్టి ముద్ద పెట్టుకుని ఊరంతా చూస్తుండగా నడవమంటావా? కుదరదు. క్షమించు. సిద్ధాంతం అవసరాన్ని బట్టి విప్పేసే చొక్కా కాదు.

చక్రధర్


కప్పగల్లు,
9 ఆగస్టు 2006

చక్రధరప్పకు,

కాలువకు నీళ్లొచ్చినాయి. అందరూ నాటుతున్నారు. మా ఇంటి వెనక మడిలో మిరపనారుకు ఇరవై ఎనిమిది రోజులు. నలభై ఐదు దాటితే ముదిరిపోతుంది, నాటినా కాయదు.

రేపటి పదిమందికి దారి అవుతుందన్నావు. వాళ్ల పేర్లు రాయి, నేనే పోయి వాళ్లను అడుగుతాను, నా నారు ముదరపెట్టుకుంటే మీకు సరేనా అని.

మా అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించినాను. ఎవరికీ చూపించద్దన్నది ఆమెను గురించి కాదులే. అంతా విని ఒక్కటే అంది. "ఆయప్ప తల ఆయప్పకు అంత బరువైపోయిందా, ఇంత మన్ను పట్టనంత?"

పంతొమ్మిదో తేదీ పొద్దున ఎనిమిదికి చేని దగ్గర. పన్నెండుకు బళ్లారిలో సంతకం. మోక బస్సు దిగి నడిచి రా. మీ అన్న కారు పంపితే ఎక్కద్దు.

హొన్నూరమ్మ


అనంతపురం,
27 ఆగస్టు 2006

హొన్నూరమ్మా,

ఎనిమిది రోజులైంది. నువ్వు ఒక్క మాటా రాయలేదు. నాటు వేస్తున్నావని తెలుసు. అయినా నాకు జవాబు కావాలి కాబట్టి, ఆ రోజు నువ్వు చూసిందే మళ్లీ రాస్తున్నాను. నువ్వు చూసింది వేరేదేమో.

నేను వచ్చింది నమ్మకంతో కాదు. మన్ను అంటే మన్నే, తడిపితే బురద, దానికి భయపడటమే మూఢనమ్మకమని నాకు నేను వాదించుకుంటూ బస్సులో వచ్చాను. గుంతకల్లు దాటేసరికి ఆ వాదన గెలిచింది. కెంచప్ప తాత మూట నెత్తిన పెడుతుంటే వేళాకోళం కూడా ఆడాను కదా.

"తాతా, తప్పు నడిస్తే కళ్లు పోతాయా, కాళ్లు పోతాయా?"

"ఏమీ పోవప్పా" అన్నాడు. "మనిషికి ఏమైతాది? ఏమీ కాదు. కాకుంటే, నడిచిన అడుగు వెనక్కి తీసుకునే హక్కు ఎవరికీ ఉండదు. నీకుండదు, మీయన్నకుండదు, ఆ యమ్మకూ ఉండదు. అంతే."

అది విన్నాక నవ్వు రాలేదు. దేవుడి సంగతి చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

రోడ్డు దగ్గర నుంచి బయలుదేరాను. పది అడుగులు వేశాక తెలిసింది, నాకు ఏమీ గుర్తులేదని. రేగు పొద లేదు. గట్టు లేదు. ఎదురుగా ఎర్రటి కుప్ప. అరచేతి గీత అని రాశానే, ఆ క్షణంలో అరచెయ్యి కూడా నాది కానట్టు ఉంది. ఆగి "నాకు తెలియదు" అని చెప్పాల్సింది. వెనక్కి తిరగకూడదు. వెనక నువ్వు, మీ అమ్మ, మా అన్న, ఊరు. తడిగుడ్డ నుంచి ఎర్రనీళ్లు కనుబొమల మీదికి కారుతున్నాయి. కుప్ప ఎక్కాను. కాలు పెడితే జారుతోంది. ఆ కింద ఉన్నది మా నేలో మీ నేలో కాళ్లకు తెలియలేదు. నడిచాను. కాలువ దాకా నడిచాను. మధ్యలో ఒకచోట ఎడమకు ఒరిగాను. కుప్ప జారి ఒరిగానా, నేనే ఒరిగానా? ఇదే నా ప్రశ్న.

మా అన్న నవ్వలేదు. అది గమనించాను. మీ అమ్మ నా కాళ్లనే చూస్తోంది. బళ్లారిలో పది నిమిషాల్లో సంతకాలైపోయాయి. దారి ఆ రోజు నుంచే, కుప్ప ఆరు వారాల్లో హద్దు దాటి పోవాలి, రాళ్లు నేను చూపిన చోట. ఈ తీర్పు మీద అప్పీలు లేదని యశస్విని గారు చెప్పారు. కెంచప్ప చెప్పిందీ అదే. చట్టమూ, రచ్చకట్టా ఒకే మాట అనడం నా జీవితంలో మొదటిసారి విన్నాను. వాటి మధ్య నేను నిలబడి ఉన్నాను, తల మీద మట్టి మరకతో.

ఒరిగితే ఒరిగానని ఒక మనసు అంటోంది. ఆ గీతను మొదట గీసింది మా తాత. దాన్ని ఏ న్యాయంతో గీశాడు? అలాంటి గీత నాలుగడుగులు ఇటు జరిగితే అది దిద్దుబాటే కానీ అబద్ధం ఎలా అవుతుంది? బాగానే ఉంది వాదన. కానీ నా ఇష్టం వచ్చినట్టు గీత జరపొచ్చంటే, మా అన్న జేసీబీకీ నా కాళ్లకూ తేడా ఏమిటి? ఈ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాను. ఎన్నో వ్యాసాలు రాశాను. ఒక్కదాంట్లోనూ ఇలా ఆగలేదు.

మీ అమ్మకు తెలుసు కదా, రాయి ఎక్కడో. నేను సరిగ్గా నడిచానా? నిజం రాయి.

చక్రధర్


కప్పగల్లు,
22 అక్టోబర్ 2006

చక్రధరప్పకు,

రెండుసార్లు ఫోన్ చేసినావు, ఎత్తలేదు. ఫోన్లో అన్న మాటకు సాక్ష్యం ఉండదని చెప్పినోడివి నువ్వే.

మిరప పట్టుకుంది. మొదటి పూత రాలిపోతుందని భయపడినాను, నిలబడింది. బండి మా దారిలోనే పోతుంది, మా దారిలోనే వస్తుంది. అందుకు నీకు చెప్పాల్సింది చెప్తున్నాను. నువ్వు రాకుంటే ఇది లేదు.

కుప్ప పోయిన నెలాఖరుకు పూర్తిగా తీసినారు. కింద నడిమి రాయి ఉంది. పీకలేదు, పడేయలేదు, నిలబెట్టింది నిలబెట్టినట్లే ఉంది. మీ తాత నాటించిందే. బర్రెను కట్టిన తాడు ఒరుసుకొని పడిన గాడి కూడా ఉంది. నువ్వు నడిచిన గీతకు నాలుగు అడుగులు ఇవతల. మా వైపు. అంటే నువ్వు మీ చేన్లో నడిచినావు. నాలుగు అడుగులు, కాలువ దాకా, మాది కానిది మాకిచ్చినావు.

మా అమ్మను అడిగినాను. "ఆ పొద్దే నీకు తెలుసునా?"

"తెల్సు."

"తెలిసి ఎందుకు నోరు మూసుకుంటివి?"

"ఊరంతా చూస్తాండగా, ఆ ఇంటోడు ఒకడు మనకోసం తప్పు నడుస్తాండాడు. మీ నాయన చూడకుండానే పాయె. నేనన్నా చూడల్లనిపించింది" అంది.

మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఆమె ఒళ్లో తల పెట్టుకొని ఏడ్చినాను. ఈ రెండిట్లో ఏది సరైందో అదీ తెలియదు.

మీ అన్నను పిలిచి రాయి చూపించినాను. చుట్టూ తిరిగి చూసినాడు. చేత్తో మన్ను తుడిచినాడు.

"ఇది నీదప్పా, తీసుకో" అన్నాను.

"ఎట్ల తీసుకునేది? మా తమ్ముడు నెత్తిన మన్ను పెట్టుకొని అబద్ధం నడిచినాడని నా నోటితో చెప్పల్లనా? వానికి సిగ్గు లేకపోవచ్చు, నాకుండాది. ఉండనీలే" అన్నాడు.

యశస్విని మేడం దగ్గరికి పోయినాను. అప్పీలు లేదక్కా అంది. నీదే అని తీర్పున్నప్పుడు తిరిగిచ్చేదానికి దావా ఉండదంట. కావాలంటే దానపత్రం రాసి రిజిస్టర్ చేయించమంది. అదీ పోయి చెప్పినాను. మీ అన్నకు అప్పుడు కోపమొచ్చింది. రాళ్లు పీకినప్పుడు గాని, కేసు వేసినప్పుడు గాని రాని కోపం. "కేరి నుంచి దానం పట్టేంత గతి తప్పినామా మేము?" అని ముఖం మీదే తలుపేసుకున్నాడు.

మనది ఎవరన్నా లాక్కుంటే యాడికి పోవాలో నువ్వు చెప్పినావు. పోయినాను. గెలిచినాను. ఇప్పుడు చెప్పు, మనది కానిది తిరిగి ఇయ్యాలంటే ఏ కోర్టుకు పోవాలి? ఉచితంగా వకీలును ఇస్తారా? వాది ఎవరు, ప్రతివాది ఎవరు?

మాకు రెండెకరాలు చాలు. ఎవరో సిగ్గుపడి ఇచ్చిన నాలుగు అడుగులు నేను అడగలేదు. నేనడిగింది నా దారి. రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతున్నానన్నావే, అక్కడే ఉండు. అదే మంచి చోటు.

కుప్ప అంచుకు ఆగిన మిరప సాళ్లను రాయి దాటనియ్యను. రాయికీ నువ్వు నడిచిన గీతకూ మధ్య ఏమీ నాటలేదు, ఏమీ నాటను. మీ అన్నా అటు తిరిగి చూడడు. వానలకు గడ్డి మొలిచింది. మా అమ్మ కుప్ప అంచు వదిలి ఇప్పుడు అక్కడ కూర్చుంటోంది. దారిన పోయే వాళ్లు ఆగి, "ఏమే హొన్నూరమ్మా, నీళ్లు పారే నేల అట్ల బీడు పెట్టినావు, ఇది ఎవరిది?" అంటారు.

రెండో ప్రతివాదిని అడగండని చెప్తున్నాను.

హొన్నూరమ్మ